మూగజీవాలు – మన చేతిలోని అమానత్

స్తోత్రాలన్నీ సకల జీవరాశిని సృష్టించి పోషిస్తున్న అల్లాహ్‌కే చెందుతాయి. ఆయన అంతిమ ప్రవక్త హజ్రత్ ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పైన, ఆయన కుటుంబీకులపైన, సహచరులపైన శాంతి, శుభాలు కురియుగాక!



గడచిన ఎండాకాలంలో ఒక జుమా నమాజు తర్వాత తాండూరులో ఒక యువకుడు మమ్మల్ని కలిశాడు. బషీరాబాద్ వైపు ఒక పల్లెలో అతనికి నాలుగెకరాల పొలం ఉంది. పొలం చివర ఒక కోళ్ళ షెడ్డు ఉంది. జనం వెళ్ళిపోయేదాకా అతను మస్జిద్ మెట్ల మీదే కూర్చున్నాడు. తర్వాత దగ్గరికి వచ్చి సలాం చేసి ఇలా అన్నాడు: "మౌలానా సాబ్! మొన్న మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగిపోయాయి. సాయంత్రానికి ఆరు వందల కోళ్ళు నోళ్ళు తెరుచుకుని నా కళ్ళ ముందే చచ్చిపోయాయి. వాటిని గోతిలో వేసి పూడుస్తుంటే నా చేతులు వణికాయి. నష్టం సంగతి తర్వాత. నేను చేస్తున్న ఈ పని అల్లాహ్‌కు ఇష్టమేనా? నా సంపాదన హలాలేనా?"

హలాల్ గురించి మమ్మల్ని అడిగేవారు చాలామంది ఉన్నారు. కోసేటప్పుడు బిస్మిల్లాహ్ అన్నారా, కత్తి పదునుగా ఉందా, రక్తం పూర్తిగా కారిందా అని అడుగుతారు. అవి అడగవలసిన ప్రశ్నలే. కాని కత్తి మెడ దాకా రాకముందు ఆ ప్రాణి ఎలా బతికింది అని మమ్మల్ని అడిగినవాడు అతనొక్కడే. ఆ ప్రశ్న మమ్మల్ని చాలా రోజులు ఆలోచింపజేసింది. మేము వెతికిన జవాబును, మాకు అర్థమైనంత వరకు, మీ ముందు ఉంచుతున్నాము.

షెడ్డులో జరిగేది

ముందుగా ఈ పని ఎలా సాగుతుందో తెలుసుకుందాం. ఒప్పందపు పెంపకంలో కంపెనీవారు ఒక్కరోజు వయసున్న కోడిపిల్లలను, దాణాను, మందులను తెచ్చి ఇస్తారు. షెడ్డు, కరెంటు, నీళ్ళు, చాకిరీ రైతువి. ఆరు వారాలు నిండేసరికి కోడి రెండు కిలోల బరువుకు వస్తుంది. కంపెనీవారు వచ్చి తూకం వేసుకుని తీసుకుపోతారు. రైతుకు కిలోకు ఇంత అని పెంపకపు కూలి ముడుతుంది. కోళ్ళు ఎక్కువగా చచ్చినా, దాణా ఎక్కువ ఖర్చయినా ఆ కూలిలో కోత పడుతుంది. షెడ్డు కోసం తెచ్చిన అప్పు మాత్రం తగ్గదు.

మాంసం కోసం పెంచే ఈ కోడి ఎంత వేగంగా బరువెక్కుతుందంటే, దాని కాళ్ళు, గుండె ఆ బరువును మోయలేకపోతాయి. గుడ్ల కోళ్ళ సంగతి మరోరకం. వాటిని ఇనుప తీగల బోనులలో ఉంచుతారు. ఒక్కో కోడికి దక్కే చోటు మనం దరఖాస్తు రాసుకునే కాగితమంత కూడా ఉండదు. అది రెక్క చాపలేదు, మట్టిలో పొర్లలేదు, గుడ్డు పెట్టడానికి ఒక మూల వెతుక్కోలేదు. ఏడాదికి పైగా అలాగే గడుపుతుంది. ఈ పరిస్థితులపై భారత న్యాయ కమిషన్ 2017 జూలైలో 269వ నివేదిక ఇచ్చి, నియమాలు అవసరమని సిఫారసు చేసింది. ఐరోపా దేశాల సమాఖ్య పాతరకం బోనులను 2012 జనవరి 1 నుంచి నిషేధించింది.

ఇంకోవైపు న్యాయం కూడా చెప్పాలి. పెద్ద ఫారాలు వచ్చాకే పేదవాడి పిల్లలకు గుడ్డు అందింది. ఒకప్పుడు గుడ్డు జబ్బు చేసినవారికి, చుట్టాలు వచ్చినప్పుడు మాత్రమే ఉండేది. డాక్టర్ బి.వి.రావు గారి చొరవతో 1982లో జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ ఏర్పడిన తరువాత రైతు తన గుడ్డుకు తానే ధర చెప్పుకోగలిగాడు. ఈ మేలును కాదనడం కృతఘ్నత అవుతుంది. మేలు జరిగినంత మాత్రాన అందులోని అన్యాయాన్ని చూడకుండా ఉండటం కూడా సరికాదు.

దైవగ్రంథం, దైవప్రవక్త (స) బోధ

భూమి మీద నడిచే జంతువులు, రెక్కలతో ఎగిరే పక్షులు కూడా మనలాంటి సమూహాలేనని అల్లాహ్ అన్ఆమ్ సూరాలో తెలియజేశాడు. ఒక్కసారి ఆలోచించండి. ఆయన వాటిని వస్తువులనలేదు, సమూహాలన్నాడు. నహ్ల్ సూరాలో పశువుల వల్ల మనకు కలిగే లాభాలను ప్రస్తావిస్తూ వెచ్చదనం, ఆహారం, ప్రయాణంతో పాటు మరొకటి కూడా చెప్పాడు. ఉదయం మేతకు తోలుకుపోయేటప్పుడు, సాయంత్రం ఇంటికి మళ్ళించేటప్పుడు వాటిలో మనకు ఒక అందం ఉందన్నాడు. మందను తోలేవాడు దాన్ని రోజూ కళ్ళారా చూస్తాడు. తలుపులు మూసిన షెడ్డులో ఆ ఉదయమూ లేదు, ఆ సాయంత్రమూ లేదు.

మహాప్రవక్త (స) స్వయంగా మక్కావాసుల గొర్రెలను కూలికి కాశారు. గొర్రెలు కాయని ప్రవక్త ఎవరూ లేరని ఆయన తెలిపిన హదీసు బుఖారీలో ఉంది. ఒక్కొక్క గొర్రెనూ గుర్తుపట్టి, కుంటేదాన్ని ఆగి కనిపెట్టి, తప్పిపోయినదాన్ని వెతికే ఓర్పు ఉన్నవారికే అల్లాహ్ జనసమూహాలను అప్పగించాడని ఉలమా వివరించారు.

అబూదావూద్‌లో ఒక సంఘటన ఉంది. ఆయన (స) ఒక అన్సారీ తోటలోకి వెళ్ళారు. అక్కడున్న ఒక ఒంటె ఆయనను చూడగానే మూలిగి కన్నీరు కార్చింది. ఆయన దగ్గరికి వెళ్ళి దాని తలను నిమిరారు. అది శాంతించింది. ఇది ఎవరిదని అడిగారు. యజమాని వచ్చాడు. అల్లాహ్ నీ అధీనంలో ఉంచిన ఈ జీవి విషయంలో నీవు ఆయనకు భయపడవా, నీవు దీన్ని పస్తులుంచి, విపరీతంగా పని చేయిస్తున్నావని ఇది నాతో మొరపెట్టుకుంది అని మందలించారు. సోదరులారా! ఆ మనిషి ఒంటెను చంపలేదు, హరామ్ తినలేదు. అతను చేసిన తప్పల్లా దాని బతుకును కష్టపెట్టడమే. దానికే దైవప్రవక్త (స) అతన్ని నిలదీశారు.

కోడి సంగతే చూడండి. కొందరు కుర్రాళ్ళు ఒక కోడిని కట్టేసి దానిపై బాణాలు వేస్తుండగా హజ్రత్ ఇబ్ను ఉమర్ (రజి) అటు వచ్చారు. జీవిని గురిగా పెట్టేవారిని దైవప్రవక్త (స) శపించారని వారికి గుర్తు చేశారు. పిల్లిని కట్టేసి ఆకలితో చంపిన స్త్రీ నరకానికి పోయిందన్న హదీసు మనందరికీ తెలిసినదే. దప్పికతో ఉన్న కుక్కకు నీళ్ళు తాపినందుకు క్షమాభిక్ష పొందిన సంగతీ తెలుసు. ఈ హదీసులను పిల్లలకు కథలుగా చెబుతాము. వ్యాపారానికి వచ్చేసరికి మరచిపోతున్నాము.

మన ఫుఖహా దీన్ని మరచిపోలేదు. హిజ్రీ 660లో (క్రీ.శ. 1262) మరణించిన ఇమామ్ ఇజ్జుద్దీన్ బిన్ అబ్దుస్సలామ్ (రహ్మతుల్లాహి అలైహి) తన 'ఖవాయిదుల్ అహ్‌కామ్'లో మనిషిపై జంతువులకున్న హక్కులను లెక్కపెట్టి రాశారు. అది ముసలిదైనా, జబ్బుపడినా దాని పోషణ ఖర్చు భరించాలి. మోయలేని బరువు వేయకూడదు. దాన్ని గాయపరచే వాటితో కలిపి ఉంచకూడదు. విశ్రాంతి స్థలం, నీటి స్థలం బాగుండాలి. దాని పిల్లను దాని కళ్ళ ముందు కోయకూడదు. ఏడున్నర శతాబ్దాల క్రితమే ఒక ఇస్లామీ పండితుడు రాసిన మాటలివి.

హరామ్ అనడానికి తొందరపడవద్దు

అయితే ఫారం కోడి హరామా? కాదు. అల్లాహ్ హలాల్ చేసిన దానిని హరామ్ అనే హక్కు మనకెవరికీ లేదు. హజ్రత్ అబూ మూసా అష్అరీ (రజి) దగ్గర ఒకతను కోడిమాంసం తినకుండా పక్కకు తొలగాడు. అది మురికి తినడం చూశానన్నాడు. ఆయన అతన్ని దగ్గరికి పిలిచి, దైవప్రవక్త (స) కోడి తినగా తాను చూశానని చెప్పారు. మరోవైపు, మలినాలే ముఖ్య ఆహారంగా తిరిగే జంతువు మాంసాన్ని, పాలను ఆయన (స) వారించారన్న హదీసులు కూడా ఉన్నాయి. అలాంటి కోడిని మూడు రోజులు కట్టి ఉంచి, శుభ్రమైన మేత పెట్టాక హజ్రత్ ఇబ్ను ఉమర్ (రజి) తినేవారు. అంటే కోడి ఏమి తిన్నది, ఎక్కడ తిరిగింది అన్నది ధర్మం పట్టించుకునే విషయమే.

కనుక మాట స్పష్టంగా చెప్పుకుందాం. షరీఅత్ ప్రకారం కోసిన ఫారం కోడి మాంసం హలాల్. పెంపకపు కూలి తీసుకోవడం ధర్మసమ్మతం. కాని ఆ ప్రాణిని బాధపెట్టి ఉంటే ఆ బాధకు జవాబు వేరుగా చెప్పుకోవలసి ఉంటుంది. మాంసం హలాల్ అయినందువల్ల హింస మాఫీ కాదు. అల్లాహ్ మనల్ని హలాల్ మాత్రమే తినమనలేదు, హలాల్, తయ్యిబ్ రెండూ అయినదాన్ని తినమన్నాడు. తయ్యిబ్ అంటే మేలైనది, శుద్ధమైనది. పెంపకం కూడా శుద్ధంగా ఉంటేనే ఆ మాటకు నిండుదనం వస్తుంది.

పొరుగువాడి హక్కు

పెద్ద ఫారాల కష్టం కోళ్ళతోనే ఆగదు. వేల కోళ్ళ పెంట ఒకేచోట పేరుకుంటే ఈగలు ముసురుతాయి. పక్కింటివారు అన్నం పళ్ళెం ముందు కూర్చోలేరు. ఎవరి కీడు నుండి పొరుగువాడు సురక్షితంగా లేడో అతను విశ్వాసి కాడని హదీసు హెచ్చరిస్తోంది.

మందుల సంగతి ఇంకా పెద్దది. కిక్కిరిసిన చోట జబ్బు త్వరగా పాకుతుంది. అందుకని జబ్బు రాకముందే దాణాలో, నీళ్ళలో యాంటీబయోటిక్ మందులు కలుపుతారు. బలహీనమైన క్రిములు చస్తాయి, మందుకు లొంగనివి మిగిలి పెరుగుతాయి. అవి మనుషులకు చేరితే ఆసుపత్రిలో అదే మందు పనిచేయదు. ఆసుపత్రులలో చివరి అస్త్రంగా దాచుకునే కొలిస్టిన్ అనే మందును కోళ్ళకు, ఇతర ఆహార జంతువులకు వాడకుండా కేంద్ర ప్రభుత్వం 2019 జూలైలో నిషేధించింది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల ఫారాలలో బర్డ్ ఫ్లూ సోకినప్పుడు ఏం జరిగిందో మనం చూశాము. పెద్ద సంఖ్యలో కోళ్ళు చనిపోయాయి, మిగిలినవాటిని పూడ్చిపెట్టారు, తెలంగాణ సరిహద్దులో కోళ్ళ లారీలను ఆపేశారు. పెరటి కోళ్ళకు ఆ జబ్బు రాదని కాదు. వేలాది కోళ్ళు ఒకే కప్పు కింద ఉన్నప్పుడు మాత్రం దాన్ని ఆపడం చాలా కష్టం.

దారి మన నేలలోనే ఉంది

అయితే చిన్న పెంపకం ఎలా నిలబడుతుంది? ఈ ప్రశ్నకు జవాబు కోసం దూరం పోనక్కరలేదు. మన తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించింది. కంది పండే ఈ నల్లరేగడి నేలలో పప్పు మిల్లుల నుంచి కంది పొట్టు వస్తుంది. అది బర్రెకు, మేకకు మంచి దాణా. జొన్న చొప్ప ఉంది. పశువుల పేడ మళ్ళీ కంది చేనుకే పోతుంది. మన తాతల కాలంలో ప్రతి ఇంటి ముందు ఒక కోళ్ళ గంప, దొడ్లో ఒకటి రెండు మేకలు ఉండేవి. కోతలయ్యాక కురుమ, గొల్ల సోదరులను పిలిచి రాత్రిళ్ళు పొలంలో గొర్ల మంద పెట్టించేవారు. వారికి గింజలు ఇచ్చేవారు. పొలానికి ఎరువు, మందకు మేత, కాపరికి తిండి. 2019 పశుగణన నాటికి తెలంగాణలో 1 కోటి 90 లక్షల గొర్లు ఉన్నాయి. ఆ గణనలో గొర్ల సంఖ్యలో మన రాష్ట్రమే దేశంలో మొదటిది. మంద పెట్టించే ఆచారాన్ని తిరిగి నిలబెట్టుకోవడానికి మనకు మందలు కొరత కాదు.

అదే గణన ప్రకారం దేశంలో 85 కోట్ల కోళ్ళు ఉంటే అందులో సుమారు 32 కోట్లు పెరటి కోళ్ళే. 2012తో పోలిస్తే అవి 45 శాతానికి పైగా పెరిగాయి. రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే వనరాజ, గ్రామప్రియ రకాలను రూపొందించింది. నాటుకోడి ఏడాదికి 50, 60 గుడ్లు పెడితే ఈ రకాలు అంతకన్నా ఎక్కువ పెడతాయి. బయట తిరిగి పురుగులు, గింజలు ఏరుకుని తింటాయి.

మనకు ఉత్తరాన పొరుగునున్న జహీరాబాద్ ప్రాంతంలో 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలను చూడండి. పేద దళిత స్త్రీలు మెట్టనేలలో జొన్న, కొర్ర, కంది వంటి ఎన్నో పంటలను కలిపి వేసి, పశువుల ఎరువుతో పండించారు. 2019లో వారికి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి లభించింది. ఈజిప్టులో ఇబ్రాహీం అబులైష్ అనే ఒక ముస్లిం సోదరుడు 1977లో కైరోకు దూరంగా ఎడారి ఇసుకలో 'సెకెమ్' అనే వ్యవసాయ క్షేత్రాన్ని స్థాపించాడు. పశువుల పేడతో ఎరువు చేసి ఆ ఇసుకను పచ్చని నేలగా మార్చాడు. 2024లో పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ మానవతా బహుమతిని సెకెమ్‌తో కలిసి పంచుకున్నది ఎవరో తెలుసా? ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి సాగుతున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం. భూశాస్త్రవేత్త రతన్ లాల్ గారు మూడవవారు. ఈజిప్టు రైతు, తెలుగు రైతు ఒకే వేదిక మీద నిలబడ్డారంటే, ఇది పిచ్చివాళ్ళ కల కాదని అర్థం చేసుకోవాలి.

భారం రైతు ఒక్కడిదేనా?

ఇక్కడ మా తప్పును కూడా ఒప్పుకోవాలి. రెండేళ్ళ క్రితం మా ఇంట్లో ఒక వలీమా జరిగింది. మేము కోళ్ళ దుకాణంలో మొట్టమొదట అడిగింది ధర. ఎక్కడ పెరిగింది, ఎలా పెరిగింది అని అడగలేదు. రాత్రి విందు ముగిశాక పళ్ళేలలో మిగిలిన మాంసాన్ని గోనెసంచులలో ఎత్తి పారబోశాము. తినండి, తాగండి, వృథా చేయకండి అన్న దైవాజ్ఞను ఎన్నోసార్లు మింబరు మీద నుంచి చెప్పిన నోరే ఆ రోజు మౌనంగా ఉండిపోయింది. ఆ ఆరు వందల కోళ్ళ మరణంలో ఆ యువకుడి వంతు ఎంతో, చౌకగా, విపరీతంగా కోరుకున్న మన వంతు కూడా అంతే.

చిన్న పెంపకంలో కోడి ఆరు వారాలకు కాదు, ఐదారు నెలలకు కోతకు వస్తుంది. ముంగిస, గద్ద, పిల్లి కొన్నిటిని ఎత్తుకుపోతాయి. కొక్కెర తెగులుకు టీకా వేయించకపోతే మంద మొత్తం పోతుంది. కాబట్టి ధర ఎక్కువే ఉంటుంది. ఆ ధర ఇవ్వకుండా రైతును మారమని చెప్పడం న్యాయం కాదు. పేదవాడి ఇంట్లో వారానికొకసారి ఉడికే గుడ్డును మేము తప్పు పట్టడం లేదు. మారవలసింది ముందుగా స్తోమత ఉన్నవారు. వారానికి నాలుగు రోజులు మాంసం తినేవారు రెండు రోజులు తిని, మిగిలిన డబ్బుతో పెరటి కోడిని, ఊరి మేకను సరైన ధరకు కొనవచ్చు. వలీమాలో ఐదు రకాల మాంసం వంటలకు బదులు రెండు చేయించవచ్చు. మన మస్జిద్ కమిటీలు, బైతుల్‌మాల్‌లు ఇలాంటి రైతుకు వడ్డీలేని అప్పు, ఖర్జె హసనా, ఇవ్వవచ్చు. షెడ్డు కోసం వడ్డీ అప్పులో కూరుకుపోయిన సోదరుణ్ణి ఆ పాపం నుంచి బయటికి తేవడం కూడా ఇబాదతే.

ఆ యువకుడికి మేము చెప్పింది

మేము ఆ యువకుడితో ఇలా అన్నాము: "బేటా! నీ సంపాదన హరామ్ కాదు. కాని నీ మనసులో పుట్టిన ఆ భయం అల్లాహ్ ఇచ్చిన వరం. దాన్ని చల్లారనివ్వకు. రేపే షెడ్డు మూసేయమని మేము చెప్పము. ఒప్పందం చేసుకున్నావు, దాన్ని నెరవేర్చు. అప్పు ఉంది, దాన్ని తీర్చు. ఈలోగా షెడ్డులో పట్టేదానికన్నా తక్కువ కోళ్ళను తీసుకో. ఎండాకాలంలో నీళ్ళు, గాలి ఆగకుండా చూడు. కింద పరిచిన వరిపొట్టును పొడిగా ఉంచు. పశువైద్యుణ్ణి అడగకుండా మందు వేయకు. కోళ్ళను లారీకెక్కించేటప్పుడు ఒక్క కాలు పట్టుకుని విసిరేయనివ్వకు. నీ చేను గట్టు మీద యాభై పెరటి కోళ్ళతో మొదలుపెట్టు. రెండు మేకలను కట్టు. చెట్లు నాటు. నాటిన చెట్టు నుంచి పక్షి తిన్నా, పశువు తిన్నా నీకు సదఖా పుణ్యం దక్కుతుంది. ఒక్కో బ్యాచ్ తగ్గించుకుంటూ రా."

అతను తల ఊపి, "ఇంట్లో అడిగి చూస్తాను" అన్నాడు. మొన్న మళ్ళీ జుమాకు వచ్చాడు. షెడ్డు ఇంకా ఉంది, అప్పు ఇంకా ఉంది. ఈసారి కంపెనీ నుంచి తక్కువ పిల్లలను తీసుకున్నాడట. చేను గట్టు మీద ముప్పై రెండు కోళ్ళు తిరుగుతున్నాయట. ముంగిస మూడింటిని ఎత్తుకుపోయిందని చెప్పి నవ్వాడు. మొదటి గుడ్లను వాళ్ళ అమ్మ పొరుగింటికి పంపిందట.

సోదర సోదరీమణులారా! ఫురాత్ నది ఒడ్డున ఒక గొర్రెపిల్ల నశించినా దాని గురించి అల్లాహ్ తనను ప్రశ్నిస్తాడేమోనని హజ్రత్ ఉమర్ (రజి) భయపడేవారు. మన ఊరి పక్కన కాగ్నా ఒడ్డున, మన పొలాల గట్ల మీద, మన షెడ్ల లోపల ఉన్న ప్రాణుల గురించి మనల్ని అడగరా? ఈ వారం మాంసం కొనేటప్పుడు ధరతో పాటు ఒక్క మాట అడగండి: ఇది ఎక్కడ పెరిగింది, ఎలా పెరిగింది? నలుగురు అడిగితే దుకాణదారు రైతును అడుగుతాడు. రైతు తన షెడ్డు వైపు చూసుకుంటాడు.

ఓ అల్లాహ్! నీవు మా చేతికి అప్పగించిన మూగజీవాల విషయంలో మేము చేసిన తప్పులను క్షమించు. మా రిజ్ఖ్‌ను హలాల్‌గా, తయ్యిబ్‌గా చేయి. మా రైతుల భుజాల మీది అప్పుల భారాన్ని దించు. వారి చేలలో, మందలలో బర్కత్ ప్రసాదించు. తినే మాకు మితాన్ని, పెంచే వారికి దయను ప్రసాదించు. ఆమీన్.